గట్టు గడ్డి మిషను: సీసీలు కాదు, సామాను దొరుకుతుందో లేదో చూడండి

కాలవలకు నీళ్లు రాక ముందు ఒకసారి, నాట్లు కుదురుకున్నాక మరోసారి, చేను ఈనే ముందు ఇంకోసారి. సార్వాలో గట్ల మీద గడ్డికి మూడు విడతలన్నా పని ఉంటుంది. గడ్డి ఎదిగితే ఎలుక బొరియ కనపడదు, పురుగు అక్కడే దాక్కుని చేలోకి దిగుతుంది, మందు కొట్టే మనిషికి కాలు ఎక్కడ పడుతున్నదో తెలియదు. పూర్వం ఈ పనికి పార, కొడవలి చాలేవి. ఇప్పుడు గట్టు చెక్కడానికి రమ్మంటే మనిషి రాడు. అతన్ని నేను తప్పు పట్టను. అదే మనిషి తెల్లవారుజామున చేపల చెరువు పట్టుబడికి పోతే కూలి ఎక్కువ, ఎండ తక్కువ.

మనిషి రాని చోటికి రెండు వచ్చి చేరాయి. ఒకటి గడ్డి మందు డబ్బా. రెండోది గడ్డి మిషను, అదే బ్రష్ కట్టర్. గుడివాడ, బందరుల్లో కాలేజీల ముందు పచ్చిక కత్తిరించేదీ, దివిసీమలో కరకట్ట వాలు కోసేదీ, నందివాడ వైపు చెరువు గట్లు శుభ్రం చేసేదీ ఆ మిషనే. మన సంఘంలో దాన్ని కొన్నవాళ్లున్నారు, అద్దెకు కోయించుకునేవాళ్లున్నారు, భుజాన తగిలించుకుని ఊరూరా తిరిగి కోసే కుర్రాళ్లూ ఉన్నారు. ముగ్గురికీ పనికొస్తుందనే ఇది రాస్తున్నాను.

ముందు మందు సంగతి తేల్చాలి. ఎందుకంటే మిషను పాడై మూలన పడ్డ ప్రతి ఇంట్లోనూ మళ్లీ బయటికొచ్చేది మందు డబ్బానే. గ్లైఫోసేట్‌ను లైసెన్సు ఉన్న పురుగు నివారణ ఆపరేటర్లు తప్ప ఇంకెవరూ చల్లకూడదని కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ఉత్తర్వు ఇచ్చింది. ఆ ఉత్తర్వు ఎంత బాగా అమలవుతున్నదో పాలిపోయి ఎర్రబారిన మన గట్లే చెబుతాయి. పారాక్వాట్ సంగతి అంతకంటే ఘోరం. అది కడుపులోకి పోతే విరుగుడు లేదు. డాక్టర్లు చేతులెత్తేస్తారు.

మెట్ట ప్రాంతం వాళ్లకు లేని చిక్కు మనకు ఇంకొకటి ఉంది. మనం కాలవ చివరి ఊళ్ల వాళ్లం. బందరు కాలవ కింద కానివ్వండి, దివిసీమ కాలవల కింద కానివ్వండి, పంటకు పారే నీళ్లే ఊరి మంచినీళ్ల చెరువుకీ పారతాయి. ఎగువ ఊరి గట్టు మీద కొట్టినది వానకు కడుక్కుని దిగువ ఊరి బిందెలోకి వస్తుంది. గట్టు కూడా నిలవదు. గడ్డి వేళ్లే మన నల్లమట్టి గట్టును పట్టి ఉంచేవి. వేరు చచ్చిన గట్టు ఒక్క పెద్ద వానకు జారి చేలో పడుతుంది. ఆపైన గేదెకు గుప్పెడు పచ్చిగడ్డి ఉండదు. మిషను గడ్డిని కోస్తుంది, వేరును ఉంచుతుంది. అందుకే నేను మిషను పక్షం.

మరి కొన్న మిషన్లలో ఇన్ని ఎందుకు మూలన పడుతున్నాయి? మా మండలంలోనే కొట్టాల్లో తుప్పు పడుతున్నవి చాలా చూశాను. ఇంజను పేలిపోయి పనికిరాకుండా పోయినవి వాటిలో తక్కువ. స్టార్టరు తాడు తెగి కొన్ని, కార్బురేటర్లో పలచని రబ్బరు పొర గట్టిపడి కొన్ని, గేర్ హెడ్‌లో పళ్లు అరిగి కొన్ని మూలపడ్డాయి. కొన్న కొట్లో ఆ సామాను లేదు. బందరులో అడిగితే విజయవాడ పొమ్మన్నారు, విజయవాడలో అడిగితే ఈ మోడలు ఇప్పుడు రావడం లేదన్నారు. చిన్న ముక్క కోసం ఏడెనిమిది వేల మిషను ఇనప సామాన్ల బండి ఎక్కింది.

కొట్లో అడుగు పెట్టగానే అందరం అడిగేది ఎన్ని సీసీలు అనే. అమ్మేవాడికి కావలసిందీ అదే. 52 సీసీ అని ఎర్ర స్టిక్కరు అంటించడానికి ఖర్చేమీ లేదు. ఆ స్టిక్కరు వదిలేసి ఇంజను ఒంటి మీద అచ్చుపోసిన అక్షరాలు చూడండి. మనకు ఎక్కువగా వస్తున్న చైనా నమూనా టూ స్ట్రోకు ఇంజన్ల మీద 1ఈ40ఎఫ్ అనో 1ఈ44ఎఫ్ అనో ఉంటుంది. మధ్యలో ఉన్న 40, 44 అనేవి సిలిండరు లోపలి వ్యాసం, మిల్లీమీటర్లలో. ఈ రకాల్లో స్ట్రోకు సాధారణంగా 34 మిల్లీమీటర్లు. లెక్క కడితే 40 ఉన్నది 43 సీసీకి కాస్త తక్కువ, 44 ఉన్నది 52 సీసీకి కాస్త తక్కువ. 40 అచ్చు ఉన్న ఇంజను మీద 52 స్టిక్కరు కనిపిస్తే ఆ కొట్టు మెట్లు దిగిపోండి. సీసీ దగ్గర అబద్ధం ఆడినవాడు గ్యారంటీ దగ్గర నిజం చెబుతాడా?

అసలు మన గట్టుకు 52 ఎందుకు? గరిక, తుంగ, ఊద కోయడానికి 35 సీసీ మంచి ఇంజను చాలు. పెద్ద ఇంజను అంటే పెట్రోలు ఎక్కువ, బరువు ఎక్కువ, చేతులకు అదురు ఎక్కువ. డ్రెయిన్ల పక్క జమ్ము, రెల్లు, సముద్రం వైపు పర్ర భూముల్లో లేత సర్కారు తుమ్మ కొట్టాలంటే అప్పుడు పెద్దది కావాలి. వేలు దాటి లావైన తుమ్మకు ఏ మిషనూ వద్దు. గొడ్డలి పని గొడ్డలితోనే చేయాలి.

ఇక టూ స్ట్రోకా, ఫోర్ స్ట్రోకా అన్నది. టూ స్ట్రోకుది చవక, తేలిక, ఊరి మెకానిక్కు విప్పగలడు. దాని ప్రాణం మాత్రం పెట్రోల్లో కలిపే ఆయిలు కొలతలో ఉంది. పుస్తకంలో 25కి 1 అని ఉంటే లీటరుకు 40 మిల్లీలీటర్లు, 50కి 1 అని ఉంటే 20 మిల్లీలీటర్లు. మనవాళ్లు సీసా మూతతో కొలుస్తారు. ఏ సీసా మూత? ఒకటి పది మిల్లీలీటర్లు పడుతుంది, ఇంకొకటి ఇరవై. తక్కువ పడితే పిస్టను పట్టేస్తుంది, ఎక్కువ పడితే ప్లగ్గు మసిబారి పొద్దస్తమానం తాడు లాగడమే పని. మందుల కొట్లో పిల్లల టానిక్కుతో ఇచ్చే గీతల మూత ఒకటి తెచ్చుకుని మిషనుకే కట్టేయండి.

ఫోర్ స్ట్రోకుకు ఆయిలు వేరుగా పోస్తాం, కలపక్కర్లేదు. పొగ తక్కువ, మోత తక్కువ, పెట్రోలు తక్కువ తాగుతుంది. హోండా వారి జీఎక్స్ 35 అనే 35.8 సీసీ ఇంజను ఈ రకంలో బాగా తెలిసినది. ఎటు వంచినా నడిచేలా చేసినది కాబట్టి కాలవ వాలు మీద వాలుగా పట్టుకున్నా ఆగదు. అయితే ఇందులో పట్టేది 100 మిల్లీలీటర్ల ఆయిలే. టీ గ్లాసుడు. అందులో సగం తరిగినా ప్రమాదమే, కనక పొద్దున్నే మిషను ఎత్తే ముందు మూత తీసి చూడాల్సిందే. మొదటి 10 గంటల పనికి ఒకసారి, తర్వాత 50 గంటలకోసారి ఆయిలు మార్చాలి. ఇది చేయలేనివాడికి ఫోర్ స్ట్రోకు డబ్బు దండగ.

రెండు రకాలకూ ఇప్పుడు కొత్త శత్రువు బంకులోనే ఉంది. పెట్రోల్లో ఇప్పుడు 20 శాతం దాకా ఇథనాల్ కలుపుతున్నారు. ఇథనాల్‌కు గాలిలో తేమ పీల్చుకునే గుణం ఉంది. మన సముద్రపు గాలికి ఉప్పు డబ్బాలో ఉప్పే నీరవుతుంది, ఇక ట్యాంకులో పెట్రోలు సంగతి చెప్పాలా? మోటారు సైకిలు రోజూ నడుస్తుంది కాబట్టి దానికి అంత తెలియదు. గడ్డి మిషను రెండు నెలలు కొట్టంలో కూర్చుంటుంది. ఆ లోపు నీరు దిగి, జిగురు పట్టి, కార్బురేటర్ రబ్బరు చెడుతుంది. పని అయిపోయిన రోజే ట్యాంకు ఖాళీ చేసి, ఇంజను దానంతట అది ఆగేదాకా నడిపి పెట్టండి. కలిపిన పెట్రోలు మిగిలితే పదిహేను రోజులు దాటనివ్వకండి.

బ్లేడు విషయం దగ్గర కొంచెం ఆగాలి. మన పొరపాట్లు ఇక్కడే ఎక్కువ, అమ్మేవాడు చెప్పనిదీ ఇక్కడే. పెట్టెలో మూడు రకాలు ఇస్తారు: నైలాను తాడు చుట్టిన తల, మూడు రెక్కల బ్లేడు, చుట్టూ పళ్లున్న గుండ్రటి బ్లేడు. పట్టణాల్లో పచ్చిక కోసేవాళ్లకు నైలాను తాడే సరి. గోడ పక్క, మొక్క పక్క, రాయి పక్క దాంతోనే కోయాలి. మన చేల మీదకు వచ్చేసరికి అదే తాడు రెండు కీడులు చేస్తుంది. కోస్తున్నంతసేపూ అది అరిగి తునకలై రాలుతుంది. ఆ గడ్డి గేదెకు వేస్తే నైలాను ముక్కలు దాని కడుపులో చేరతాయి, చెరువు గట్టు మీద కోస్తే నీళ్లలో పడతాయి. మేతకు పనికొచ్చే గడ్డి ఎప్పుడూ ఇనప బ్లేడుతోనే కోయండి. రెండోది కొబ్బరి తోటల వాళ్లకు. లేత మొక్క మొదట్లో తాడు తగిలితే మొదలుకు గాయమవుతుంది. తర్వాత మొక్క వాడిపోతే తెగులనుకుని మందులు పోస్తాం. మొదలు చుట్టూ మూరెడు మేర చేత్తో పీకడమే మేలు.

మూడు రెక్కల బ్లేడు గట్టు గడ్డికి, పళ్ల బ్లేడు జమ్ముకు, రెల్లుకు, వరికి. ఏది బిగించినా పదును చూసుకోండి. మొద్దుబారిన బ్లేడుతో ఇంజను గొంతు చించుకోవడం తప్ప గడ్డి తెగదు, దానికి ఇంజను బలం లేదని 52 సీసీ కొనడం మనవాళ్ల అలవాటు. ఆకురాయి యాభై రూపాయలకు దొరుకుతుంది.

వరి మాట వచ్చింది కాబట్టి. ఈ మిషనుకు వరి కోత గార్డు తగిలించి ఎకరం కోసేస్తుందని వీడియోలు చూపిస్తున్నారు. నిలబడ్డ చేను, ఆరిన నేల ఉంటే నిజమే, పనలు ఒక పక్కకు పడతాయి. కానీ మనకు కోత కష్టం వచ్చేది ఎప్పుడు? 2023 డిసెంబరు మొదట్లో మిచాంగ్, 2025 అక్టోబరు చివర మొంథా లాంటి తుపాన్లప్పుడు. చేను పడిపోయి, నీళ్లలో నాని, కంకి మట్టిలో ఉంటుంది. అప్పుడు ఈ మిషను పెడితే గడ్డితోపాటు కంకినీ నరుకుతుంది, గింజ రాల్చేస్తుంది. పడ్డ చేనుకు కొడవలి, లేదా చైను హార్వెస్టరు. తుపాను తర్వాత గాభరాలో ఉన్న రైతుకు దీన్ని అంటగట్టేవాళ్లు మళ్లీ వస్తారు, చెప్పి ఉంచుతున్నాను.

ఇప్పుడు సామాను సంగతి. కొనేముందు కొట్టు యజమానిని ఈ ఆరు వస్తువులు బల్ల మీద పెట్టమనండి: స్టార్టరు తాడూ స్ప్రింగూ, కార్బురేటర్ రబ్బరు పొర, పెట్రోలు నొక్కే బుడగ, క్లచ్ షూలు, గేర్ హెడ్, ఎయిర్ ఫిల్టరు. తెప్పిస్తానంటే కుదరదు, బల్ల మీద ఉండాలి. ఆరూ ఉంటే ఆ మిషను కొనొచ్చు, పేరు ఏదైనా సరే. చైనా నమూనాల్లో పైకి ఒకేలా కనపడే పైపులు 26 మిల్లీమీటర్లవి ఉంటాయి, 28వి ఉంటాయి. లోపల తిరిగే కడ్డీ కొసకు కొన్నిటికి 7 పళ్లు, కొన్నిటికి 9. ఒకదాని గేర్ హెడ్ ఇంకోదానికి ఎక్కదు. మీది ఏదో కొన్న రోజే బిల్లు వెనక రాసుకోండి.

ఊళ్లో నలుగురు కొనేటట్టయితే నలుగురూ ఒకటే మోడలు కొనండి. ఇది మన సంఘం శాఖలు తేలిగ్గా చేయగల పని. ఒక మిషను చచ్చినా దాని సామాను మూడిటికి బతుకు ఇస్తుంది, ఊరి మెకానిక్కుకు చెయ్యి తిరుగుతుంది, కొట్టువాడు కూడా సామాను తెచ్చి పెట్టుకుంటాడు. నలుగురు నాలుగు రకాలు కొంటే నలుగురూ విజయవాడ బస్సు ఎక్కాలి.

ఏ ధరది అన్నది మీరెన్ని రోజులు వాడతారన్న దాన్ని బట్టి. మూడెకరాల రైతుకు ఏడాదికి పది రోజుల పని ఉంటే అదే ఎక్కువ. అతనికి పాతిక ముప్పై వేల మిషను అక్కర్లేదు. సామాను దొరికే చవక రకం చాలు. అంతకంటే, పక్క ఊరి కుర్రాడిని పిలిచి అద్దెకు కోయించుకోవడం ఇంకా మేలని నా అభిప్రాయం. ఆ కుర్రాడి లెక్క వేరు. ఏడాదిలో నూరు రోజులు కోసేవాడికి ఇంజను ఆగిన రోజు కూలి పోయిన రోజు. అతను చవకది కొంటే రెండేళ్లలో రెండు కొంటాడు. అతనికి మంచి ఫోర్ స్ట్రోకు, రెండు భుజాల పట్టీ ఉన్నది తగును. ఒంటి భుజం పట్టీతో నూరు రోజులు కోస్తే నలభై ఏళ్లకే నడుం పోతుంది.

ఆ కుర్రాళ్ల గురించే ఇంకొక మాట. గడ్డి ఇరుక్కుంటున్నదని బ్లేడు దగ్గర గార్డు విప్పేసి కోస్తున్నారు. మన డెల్టాలో రాళ్లు లేవు, నిజమే. సీసా పెంకులు, నత్తగుల్లలు, పాత కంచె తీగలు, చెరువుల చుట్టూ కట్టిన వలల ముక్కలు కావలసినన్ని ఉన్నాయి. నిమిషానికి వేల చుట్లు తిరిగే బ్లేడుకు పెంకు తగిలితే అది తుపాకీ గుండే. మా పక్క ఊళ్లో పాతికేళ్ల పిల్లవాడు కుడి కన్ను పోగొట్టుకున్నాడు. ఆసుపత్రి ఖర్చు ఇంటివాళ్లే పెట్టుకున్నారు, కోయించుకున్న ఆసామి ఒక రోజు కూలి ఇచ్చి తప్పుకున్నాడు. ముఖానికి జాలీ ముసుగు, కాళ్లకు మోకాలి దాకా బూట్లు లేకుండా వచ్చినవాడిని చేలోకి దిగనివ్వకండి. లేకపోతే మీరే కొనిపెట్టండి. కోస్తున్నప్పుడు చుట్టూ 15 మీటర్లలో పిల్లలు, గేదెలు, మనుషులు ఉండకూడదు. బూట్లు పాముకు కూడా. 2018 ఆగస్టులో అవనిగడ్డ ఆసుపత్రికి పాముకాటు కేసులు వరస కట్టి, మోపిదేవి గుళ్లో సర్ప శాంతి యాగం దాకా పోయింది దివిసీమలో. యాగం చేసినవాళ్లు నాలుగు జతల బూట్లు కూడా పంచి ఉంటే బాగుండేదని అప్పుడే అనుకున్నాను.

ప్రభుత్వాన్ని అడగాల్సినవి ఉన్నాయి. కేంద్రం యాంత్రీకరణ పథకంలో చిన్న, సన్నకారు, ఎస్సీ, ఎస్టీ, మహిళా రైతులకు 50 శాతం దాకా, మిగిలినవాళ్లకు 40 శాతం దాకా సబ్సిడీ ఉంది. జాబితాకెక్కే మిషన్లకు అధికారిక సంస్థ పరీక్ష నివేదిక కావాలి. మన రాష్ట్రంలోనే అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. నివేదిక చూపించమని డీలరును అడిగే హక్కు మనకుంది, అడగండి. పరీక్షలో మిషను నెగ్గితే సరిపోదు. డీలరు జిల్లాలో సామాను నిలవ ఉంచాలని, మరమ్మతు మనిషిని పెట్టాలని, అలా పెట్టనివాడి పేరు జాబితా నుంచి తీసేయాలని మన డిమాండు. సబ్సిడీ మిషనుతో ముసుగు, బూట్లు కలిపే ఇవ్వాలి. వీటన్నిటికంటే ముందు కౌలు రైతు మాట. మన డెల్టాలో చేను చేసేది ఎక్కువగా కౌలు రైతే, గట్టు కోసేదీ అతనే. పాసు పుస్తకం అడిగే చోట అతను వరసలోనే నిలబడలేడు. కౌలు కార్డు చూపిస్తే సబ్సిడీ ఇవ్వాలి.

పన్ను దగ్గర కూడా కళ్లు తెరిచి ఉండాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి కోత యంత్రాలు, గడ్డి కోత యంత్రాల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది. చేత్తో పట్టుకునే మోటారు పనిముట్ల పద్దులో రాస్తే మాత్రం 18 శాతం పడుతుంది. ఒకే మిషనుకు ఒక కొట్లో ఒక పద్దు, ఇంకో కొట్లో ఇంకో పద్దు రాస్తున్నారు. బిల్లు లేకుండా కొంటే ఏ పద్దో కూడా తెలియదు, గ్యారంటీ కూడా ఉండదు.

వచ్చే నెల మండల సమావేశాలకు మిషన్లు కొన్న సభ్యులు తమ బిల్లులు తీసుకురండి. మిషను పేరు, ఎక్కడ కొన్నారు, ఏ సామాను దొరకలేదు, ఎన్నాళ్లు మూలన ఉంది, ఈ నాలుగూ ఒక కాగితం మీద రాసి శాఖ కార్యదర్శికి ఇవ్వండి. బందరు, గుడివాడ, అవనిగడ్డ మూడు చోట్లవీ కలిపి జిల్లా వ్యవసాయాధికారికి ఇద్దాం. కాలవలకు నీళ్లు వదిలే లోపే ఇద్దాం, తర్వాత ఎవరి గట్టు మీద వాళ్లం ఉంటాం.